ఐమూల కొలత

మా ఆఫీసులో నన్ను పంచనామా అని పిలుస్తారు. పాత కట్టడాలకు కొలతలు తీసి, ఉన్నది ఉన్నట్టు బొమ్మ గీసి ఇవ్వడం నా ఉద్యోగం. వినడానికి గొప్పగానే ఉంటుంది. అసలు సంగతేమిటంటే, ఈ నగరంలో ఏ పాత మేడను కూల్చాలన్నా ముందు దాని బొమ్మ మా బీరువాలో పడాలి. పడిందా, మర్నాడే పలుగులు దిగుతాయి. అందరికీ పంచనామా చచ్చాక రాస్తారు. నేను చావుకు ముందే రాస్తాను, అంతే తేడా. నేను టేపు పట్టుకుని వీధి మలుపు తిరిగితే చాలు, "అయిపోయింది, ఈయనొచ్చాడు" అంటారు షాపులవాళ్లు. ఎన్నేళ్లని పడతాను ఈ మాటలు? ప్రాణం విసిగిపోయింది.

అలాంటి రోజుల్లో వీధి మూలనున్న ఒక పాత మేడ నా వంతుకొచ్చింది. మందపాటి సున్నపు గోడలు. తలుపుల మీద రంగుటద్దాలు. ఒక్క స్తంభం ఆసరా లేకుండా కింది నుంచి పై అంతస్తు దాకా చుట్టుకుంటూ వెళ్లే చెక్కమెట్లు. మెట్ల పక్కనున్న చెక్క రెయిలింగు మీద చెయ్యి వేసి కింది దాకా జారిస్తే ఎక్కడా అతుకు తగల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత అందమైనదాన్ని తెచ్చి నా చేతిలోనే పెట్టాలా!

అద్దెకున్నవాళ్లంతా అప్పటికే ఖాళీ చేసేశారు. కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మ ఒక్కతే మిగిలింది. మేడ పడిపోతే ఆమెకు నీడ లేదు. ఆఫీసు నాకు తోడు మనిషిని ఇవ్వలేదు కాబట్టి టేపు రెండో కొస ఆమే పట్టుకునేది. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్ముడూ అనేది.

గది కొలవాలంటే నాలుగు గోడల పొడవూ తీస్తే చాలదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా కూడా టేపు లాగాలి. ఆ కొలత తేడా వస్తే గది కాగితం మీద కుదరదు, మళ్లీ మొదటికి రావాలి. నేను కావాలనే ఐమూల అంకెను కొంచెం మార్చి రాసేవాణ్ణి. "కట్టినవాడు గోడలు వంకరగా కట్టాడు, తిరిగి కొలవాలి" అని పైవాళ్లకు రాసి పంపేవాణ్ణి. ఈలోగా ఏ పెద్దమనిషికో బుద్ధి పుట్టి "దీన్ని ఉంచండి" అనకపోతాడా అని నా ఆశ. ఏడాది గడిచినా ఎవరికీ పుట్టలేదు. "కట్టినవాళ్లకు కూడా ఇంతకాలం పట్టి ఉండదు" అని మా ఆవిడ దెప్పింది.

ఒకసారి నా తృప్తి కోసం మెట్ల గదిని ఇంట్లో సరిగ్గా గీద్దామని కూర్చున్నాను. విడిగా రాసి పెట్టుకున్న నిజం అంకెలే వేశాను. అయినా కుదరలేదు! తల గోక్కుని మర్నాడు మళ్లీ టేపు లాగుతూ ఆమె చేతి వైపు చూశాను.

"అక్కా, మూల అక్కడుంది. మీ వేలు ఇక్కడుంది."

నోట్లోంచి గుండుసూదులు తీసి తాపీగా చెప్పింది: "ఇప్పటికి కనిపెట్టావా? టేపు మీద ఒక అంకె, నువ్వు రాసేది ఇంకోటి అని నేను మొదటి వారమే చూశాను. ఒక్కడివే తప్పు చేస్తే దొరికిపోతావని నేనూ ఒక చెయ్యి వేశాను."

"జన్మలో ఒక్క చొక్కా కొలత తప్పలేదని చెప్పుకుంటారుగా!"

"చొక్కా ఇచ్చేస్తే ఇంకో చొక్కా వస్తుంది. ఈ ఇల్లు ఇచ్చేస్తే నేనెక్కడికి పోను, నా మొహం!"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! ఇద్దరం మెట్ల మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వాం. ఆ ఏడాదిలో నేను నవ్వింది అప్పుడే.

తర్వాత కొన్నాళ్లకు మా పెద్దసారు పొద్దున్నే పిలిచి చావు కబురు చల్లగా చెప్పాడు. "రేపు కొలతలు తీసే మిషన్ వస్తోందయ్యా. వీధిలో నిలబెట్టి తిప్పితే సాయంత్రానికి బొమ్మ రెడీ."

"మరి లోపలి మెట్ల సంగతి, సార్?"

"లోపలిది ఎవడు చూడొచ్చాడు? బయటిది చాలు. అంత ప్రేముంటే ఇవాళే నీ బొమ్మ పూర్తిచేసి పట్రా."

టైలరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. కుట్టుమిషను ఆపి విన్నది. "అంటే, ఇక్కడ ఇలాంటి మెట్లుండేవని ఎక్కడా రాసి ఉండదన్నమాట" అంది.

"ఉండదక్కా."

ఆమె ఒళ్లోని గుడ్డ ముక్కలు దులుపుకుని లేచింది. "పద. కొలుద్దాం. ఈసారి సరిగ్గా."

పై అంతస్తు నుంచి మొదలుపెట్టాం. ఆమె మోకాళ్లు నొప్పంటూనే ప్రతి మూలలోనూ వంగి, గోరు తెల్లబడేలా టేపు కొస నొక్కి పట్టింది. నేను కనబడిన అంకె కనబడినట్టు రాశాను. చివరికి మెట్ల గదిలో రెండు ఐమూలలూ లాగి, అక్కడే నేలమీద కూర్చుని అంతా గీశాను.

"కలిసిందా?" అని అడిగింది.

"కలిసింది. ఏ గదిలోనూ నూలుపోగంత తేడా లేదు. నా సర్వీసులో ఇంత తిన్నగా కట్టిన మేడను చూడలేదక్కా."

ఆమె గోడకు అరచెయ్యి ఆనించింది. "అయ్యో, ఇంత చక్కగా కట్టినాయన్ని పట్టుకుని ఏడాది పొడుగునా వంకరగా కట్టాడని రాశావు గదరా!"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలనిపించలేదు. ఆమె కిటికీ రెక్కలు బార్లా తెరిచి, వెలుతురు కాగితం మీద పడేలా పక్కకు జరిగింది.

"పెట్టు తమ్ముడూ, సంతకం. చీకటి పడితే నేనూ సామాను సర్దుకోలేను."

కొలతలన్నీ సరిపోయాయి అని రాసి, కింద సంతకం పెట్టాను. ఇక ఆ మేడను కూల్చడానికి అడ్డేమీ లేదు.