గౌసియా బేగం బోసి చేతులు

గుమ్మడిదలలో గౌసియా బేగం గాజులు తొడిగితే చెయ్యి నొచ్చిందని అన్న ఆడది లేదు. ఈ మాట ఆమే చెప్పుకునేదైనా అబద్ధం మాత్రం కాదు. అలాంటి మనిషిని మూడేళ్ల కింద ఎగ్జిమా పట్టుకుంది. వేళ్ల నుంచి మోచేతుల దాకా చర్మం పగిలి నీరు కారింది. పూతలు, మాత్రలు, సూదులు అన్నీ అయ్యాయి; ఏదీ పనిచేయలేదు. అంటుకునే జబ్బు కాదని డాక్టరు చెప్పినా, ఆమె గాజుల దుకాణానికి వచ్చినవాళ్లు చెయ్యి చాపడం మానేశారు. గాజులు పొట్లం కట్టించుకుని ఇంటికిపోయి వాళ్లే తొడుక్కునేవాళ్లు. భర్త యాకూబ్ గల్లా మీద కూర్చుంటే ఆమె లోపల పెట్టెలు సర్దుతూ కుమిలిపోయేది. మళ్లీ ఒక చెయ్యి తన చేతిలో పడాలి, ఆమెకు కావలసింది అంతే.

చివరికి సంగారెడ్డిలో లైటు వైద్యం మొదలైంది. వారానికి మూడుసార్లు, నల్లద్దాలు పెట్టుకుని, చుట్టూ ట్యూబులైట్లున్న బీరువాలాంటి పెట్టెలో నిలబడాలి. మొదట కొన్ని క్షణాలే. చర్మం అలవాటుపడేకొద్దీ పెంచుతారు.

"గాజులు తియ్యమ్మా," అంది నర్సు దుర్గాదేవి.

"రావు బిడ్డా, బిగుసుకపోయినయి."

ఊళ్లో ఎవరి గాజులు బిగుసుకున్నా నిమిషంలో ఊడదీసే మనిషి అన్న మాట ఇది! గాజులమ్మే దాని చేతులు బోసిగా ఉంటే ఇజ్జత్ ఏముంటుందని ఆమె పంతం. దుర్గాదేవి నమ్మింది.

"సరే, గట్లనే ఉండనియ్యి. ఇగ వాటిని కదిలియ్యొద్దు, మార్చొద్దు."

పదిహేను దఫాలకు నీరు ఆగింది, దురద తగ్గింది, కంటినిండా నిద్ర పట్టింది. ఆ సంబురంలో గౌసియా చేతులకున్న డజను గాజులూ తీసేసి, సన్నవి రెండు వేసుకుని, నర్సు చూసేలోపే పెట్టెలోకి దూరింది. ఇన్నాళ్లూ గాజుల చాటున వెలుగు తగలని చర్మానికి ఒక్కసారే అంత వెలుగు! సాయంత్రానికి మణికట్లు కందిపోయి భగ్గుమన్నాయి.

మర్నాడు దుర్గాదేవి ముందు తల వంచింది. "రావన్నది అబద్ధం బిడ్డా. తప్పు నాదే." ఆ రెండు గాజులూ తనే తీసి సంచిలో వేసుకుంది. మంట తగ్గాక, తక్కువ లైటుతో మళ్లీ మొదలుపెట్టారు.

రెండు నెలలకు గౌసియా దుకాణం ముందు కూర్చుంది. పెళ్లికూతురు త్రివేణి మేనత్తతో వచ్చింది.

"చేతులకు గాజుల్లేవేంది గౌసియమ్మా?" అంది త్రివేణి.

గౌసియా చేతులు కొంగు చాటున దాచుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాపింది.

"వైద్యం నడుస్తున్నది. సూడు, పట్టి సూడు."

త్రివేణి నెమ్మదిగా తడిమి చూసింది. తర్వాత తన చెయ్యి ఆమె చేతిలో పెట్టింది. గౌసియా వేళ్లు ఏమీ మరిచిపోలేదు. ఆ ఒక్క చేతికే రెండు డజన్ల పచ్చగాజులు ఒక్కటీ చిట్లకుండా ఎక్కాయి. గల్లా మీద యాకూబ్ వచ్చేపోయేవాళ్లను పిలిచి చూపించాడు.

మేనత్త ఊరుకోలేకపోయింది. త్రివేణిని పక్కకు జరిపి చెయ్యి చాపింది.

"ఇగ నాకెయ్యి, జల్దీ."

మూడేళ్లు ఏడ్చిన మనిషి నిటారుగా కూర్చుంది.

"జెర ఆగక్కా. పెండ్లిపిల్లది ఇంకో చెయ్యున్నది."