చుక్క పోయిన దారి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. మామయ్యను ఆసుపత్రిలో చేర్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, చెవి వెనక పెన్సిల్ దోపుకున్న ఒక పొట్టి ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడి, "మీ మామగారు ఏమేం మందులు వాడతారో ఇంకోసారి చెప్తారా?" అని అడిగినప్పుడు ఆ కోపమే వచ్చింది. అప్పటికే ఆ ప్రశ్నకు ముగ్గురు డాక్టర్లకు, ఇద్దరు నర్సులకు జవాబు చెప్పాను. చెప్పడమేమిటి, తెల్లకాగితం మీద వరస నంబర్లు వేసి, గళ్లు గీసి, రాసి మరీ ఇచ్చాను. నేను తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పే టీచర్ని. నా పట్టికలో తప్పు పట్టేవాళ్లు ఇంకా పుట్టలేదని నా నమ్మకం.

"నా కాగితం ఫైల్లో ఉందండీ. చూసుకోండి," అన్నాను.

"చూశాను. చాలా శుభ్రంగా రాశారు. అయినా మీ నోటితో ఒకసారి వినాలి," అంది ఆవిడ.

ఆవిడ ఆ వార్డు ఫార్మసిస్టు. అక్కడ అందరూ మందుల మేడమ్ అని పిలుస్తారు. పేషెంట్లకు రాసిన ప్రతి మందూ ఆవిడ ఒకసారి సరిచూస్తుందట. మరి ఈ మూడు రోజులూ ఎక్కడికి పోయిందని నర్సును గొణుగుతూ అడిగితే, సెలవులో ఉండి ఆ పొద్దునే వచ్చిందని చెప్పింది.

మామయ్య ముప్ఫై రెండేళ్లు బస్సు నడిపారు. కళ్లలో ఒత్తిడి పెరిగే జబ్బు, గ్లాకోమా, వచ్చి పక్కల చూపు సగం తినేశాక స్టీరింగు వదిలేశారు గానీ, డ్రైవరుతనం వదల్లేదు. ఇక్కడ కూడా మంచాన్ని స్కానింగ్ గదికి తోసుకెళ్తుంటే పడుకునే, "రివర్సులో చూసుకో నాయనా, వెనక గోడుంది," అని చెప్తూ వెళ్లారు. అలాంటి మనిషి రెండు నెలలుగా నీరసపడిపోయారు. నాలుగు మెట్లెక్కి అయిదో మెట్టు మీద కూర్చుండిపోయేవారు. వయసు మీదపడుతోంది అనుకున్నాం. చివరికి స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోయారు.

ఆసుపత్రికి తెచ్చేసరికి ఆయన గుండె నిమిషానికి ముప్ఫై నాలుగుసార్లు కొట్టుకుంటోంది. నా పట్టికలో రెండో నంబరు బీపీ మాత్ర గుండె వేగాన్ని తగ్గించే జాతిదని, దాన్ని అప్పుడే ఆపేశారు. రెండు మూడు రోజుల్లో దాని ప్రభావం ఒంట్లోంచి పోతే గుండె దానంతటదే పుంజుకుంటుందన్నారు. పుంజుకోలేదు. ముప్ఫై ఆరు, ముప్ఫై ఎనిమిది, మళ్లీ ముప్ఫై అయిదు. మంచం పక్కన మానిటర్ మీద ఆ అంకె చూస్తూ మేమంతా అన్నం తినడం మర్చిపోయాం. ముందురోజైతే మూడు సెకన్ల పాటు గీత లేవనే లేదు. ఇక గుండెకే జబ్బని తేల్చి, మర్నాడు తొమ్మిదింటికి ఛాతీలో పేస్‌మేకర్ పెట్టాలని నిర్ణయించారు. మా ఆయన సంతకం కూడా పెట్టేశాడు. ఈలోపే ఆ గుండె పూర్తిగా ఆగిపోతే ఎలాగన్న మాట మాత్రం ఎవరమూ పైకి అనలేదు.

మందుల మేడమ్ నన్ను బయట వరండాలో బెంచీ దగ్గరికి తీసుకెళ్లింది. అత్తయ్య కూడా లేవబోతే, "మీరు తర్వాతమ్మా, ఒక్కొక్కరితో మాట్లాడతాను," అంది. పరీక్షలో పిల్లలు ఒకరిది ఒకరు చూసి రాయకుండా నేను విడివిడిగా కూర్చోబెడతాను. అదే పని నాకు చేస్తుంటే ఒళ్లు మండింది.

"తలకేమైనా రాస్తారా ఆయనకి?" అని మొదలుపెట్టింది.

"కొబ్బరినూనె."

"నుదుటికి?"

"తలనొప్పొస్తే బామ్ రాస్తాం. ఇవన్నీ ఎందుకండీ?"

"కంట్లో?"

"చుక్కలు వేస్తాం," అన్నాను. అన్నాకే గుర్తొచ్చింది. ఆ చుక్కలు నా పట్టికలో లేవు. "అది... మందులు రాయమన్నారు కదా అని మాత్రలు రాశాను. ఇది కంటిది."

నేనైతే ఆ స్థానంలో ఉండి, పిల్లవాడి తప్పు దొరికితే, క్లాసు మొత్తానికీ వినిపించేదాన్ని. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు.

"అందరూ అంతేనండీ. మందులేమిటి అని అడిగితే మాత్రలే చెప్తారు. అందుకే నేను మందుల పేర్లడగను, తల దగ్గర్నుంచి ఒళ్లంతా అడుగుతూ పోతాను. చుక్కలు ఎవరు వేస్తారు?"

"నేనే. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇక్కడికొచ్చాక కూడా ఒక్క పూట మానలేదు. మానితే మిగిలిన చూపు కూడా పోతుందని కంటి డాక్టర్ గట్టిగా చెప్పారు." ఆ మాట చెప్పేటప్పుడు నాకు గర్వంగానే ఉంది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. చెవులు, ముక్కు, నోరు, ఛాతీ, మోకాళ్లు, చివరికి పాదాల వేళ్ల సందులు కూడా అడిగింది. నన్ను బెంచీ మీదే ఉండమని, లోపలికెళ్లి అత్తయ్యతో మాట్లాడింది. కాసేపటికి ఫ్లాస్కు పట్టుకుని వచ్చిన మా వదినను, అంటే మా ఆయన అక్కను, మెట్ల దగ్గరే ఆపి మాట్లాడింది. తర్వాత ముగ్గురినీ మామయ్య మంచం దగ్గరికి పిలిచింది.

"ఆ చుక్కల మందు ఒకసారి చూపించండి," అంది.

నా హ్యాండ్‌బ్యాగులోంచి సీసా తీసి దుప్పటి మీద పెట్టాను. అత్తయ్య తన కళ్లజోడు పెట్టె తెరిచి ఇంకో సీసా తీసింది. వదిన పర్సు జిప్పు లాగి మూడోది తీసింది. మూడూ ఒకటే మందు, ఒకటే పచ్చమూత. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"నీకు పొద్దున్నే హడావుడి కదే, మర్చిపోతావేమోనని నేను కూడా రెండు పూటలా వేస్తున్నా," అంది అత్తయ్య నెమ్మదిగా.

"అమ్మకేమో చేతులు వణుకుతాయి. చుక్క బుగ్గ మీద పడుతుంది. నువ్వు వేస్తున్నావో లేదో నాకు తెలీదు. పక్క వీధికి మారినప్పటి నుంచి నేనూ వచ్చి వేసి పోతున్నా," అంది వదిన. ఆమె పక్క వీధికి మారి రెండు నెలలైంది.

"నాకు ఒక్క మాట చెప్పచ్చు కదా వదినా."

వదిన అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య దుప్పటి అంచు సరిచేసింది.

"చెప్తే నా మీద నమ్మకం లేదా అని ఎగురుతావు కదా," అంది వదిన.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. రావాల్సిన చోట కోపం రాకపోవడం నా జన్మలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

మామయ్య పడుకునే ఇదంతా విన్నారు. "బస్సుకి కండక్టర్లు ముగ్గురు," అన్నారు నీరసంగా. "ముగ్గురూ టికెట్ కొట్టారు."

మందుల మేడమ్ ఆయన దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. "చుక్క వేశాక గొంతులో చేదు తగులుతుందా పెద్దాయనా?"

"తగులుతుందమ్మా. నాలిక పాడైందనుకున్నా."

ఆవిడ నా వైపు తిరిగింది. "టీచర్ గారూ, ఏడిస్తే ముక్కెందుకు కారుతుంది?"

జవాబు నాకు తెలుసు. ఇరవై ఏళ్లుగా బోర్డు మీద కంటి బొమ్మ గీసి చెబుతున్న పాఠమే. కంటి లోపలి మూల నుంచి ముక్కులోకి సన్నని గొట్టం ఒకటి ఉంటుంది, కన్నీళ్లు అందులోంచి దిగుతాయి. అది చెప్పాను. చెప్తూ చెప్తూ దుప్పటి మీది సీసాల వైపు చూశాను.

"చుక్క కూడా అదే దారిలో దిగుతుంది," అంది ఆవిడ. "కంట్లో ఉండేది కొంచెమే. మిగతాది ముక్కులోకి పోయి, అక్కడి పలచటి పొరలోంచి తిన్నగా రక్తంలో కలుస్తుంది. మాత్రయితే కాలేయం దాటాలి, అక్కడే కొంత అరిగిపోతుంది. దీనికా అడ్డు లేదు. పైగా ఇది డాక్టర్లు ఆపిన బీపీ మాత్ర జాతి మందే. కంట్లో ఒత్తిడి తగ్గిస్తుంది. రక్తంలోకి పోతే గుండెని కూడా నెమ్మది చేస్తుంది. రెండు చుక్కలు వేయాల్సిన కంట్లో రోజుకి ఆరు పడ్డాయి. మాత్ర ఆపినా గుండె లేవకపోవడానికి ఇదే కారణం కావచ్చు. పెద్ద డాక్టర్‌తో మాట్లాడతాను."

ఆవిడ వెళ్లాక నేను ఆ సీసాను వెలుతురుకు పట్టి చూశాను. నా బొటనవేలంత లేదు. అందులోంచి జారే చుక్క చీమను తడపడానికి కూడా చాలదు. అది కంటి మూల నుంచి దిగి, ముక్కు దాటి, రక్తంలో పడి, ముప్ఫై రెండేళ్లు బస్సును లాగిన మనిషి గుండెను పట్టి ఆపగలదంటే నాకు ఒళ్లు జలదరించింది. మనిషి శరీరంలో ఎక్కడికక్కడ తలుపులు వేసి ఉంటాయనుకున్నాను. కంటికి కన్ను, గుండెకు గుండె అని పిల్లలకు విడివిడి బొమ్మలు గీయించాను. ఈ మనిషి లోపల అన్నీ ఒకదాంట్లోకి ఒకటి తెరుచుకునే ఉన్నాయి. సీసాను మళ్లీ దుప్పటి మీద పెట్టి మంచం అంచున కూర్చున్నాను.

పెద్ద డాక్టర్ గంటలో వచ్చాడు. ఫైలు చూశాడు, సీసాలు చూశాడు, మందుల మేడమ్ చెప్పింది మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"మొదటిరోజే మేం అడగాల్సింది," అన్నాడు మాతో. "ఆపరేషన్ రెండు రోజులు ఆపుదాం. చుక్కలు ఈ నిమిషం నుంచి బంద్. ఛాతీకి ప్యాడ్లు అంటించి ఉంచుతాం, గుండె మరీ నెమ్మదిస్తే మెషీన్ కొట్టిస్తుంది. కంటి డాక్టర్ వచ్చి వేరే జాతి చుక్క రాస్తారు. రెండు రోజుల్లో వేగం పెరగకపోతే పేస్‌మేకర్ తప్పదు."

ఆ రెండు రోజులూ మేము ఆ అంకెను చూస్తూనే గడిపాం. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, ఆపరేషన్ జరగాల్సిన వేళకు, ముప్ఫై తొమ్మిది. దాన్ని పెరగడమనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నానికి నలభై మూడైంది. అత్తయ్య చదవలేక, "ఎంతే? ఎంతే?" అని నన్ను అడుగుతూనే ఉంది. సాయంత్రం నలభై ఆరు. మూడోరోజు తెల్లవారాక నేను వచ్చేసరికి యాభై రెండు ఉంది. మామయ్య లేచి కూర్చుని, ఇడ్లీ చల్లారిందని నర్సుతో తగువు పడుతున్నారు. నా కళ్ల ముందు, ఎవరూ ఏమీ చేయకుండా, ఏమీ వేయకుండా, వట్టినే చేతులు వెనక్కి తీసుకున్నందుకే ఒక గుండె దారిలోకి వస్తోంది. అంత పెద్ద సంగతి నేను చూడలేదు, ఇక చూస్తానని కూడా అనుకోను. మధ్యాహ్నానికి అది అరవై ఒకటైంది.

పెద్ద డాక్టర్ స్వయంగా ప్యాడ్లు తీయించాడు. పేస్‌మేకర్ అక్కర్లేదన్నాడు. మా ఆయన వరండాలోకి వెళ్లి, గోడవైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. మందుల మేడమ్ వచ్చి ఫైలు మీద ఎర్ర సిరాతో ఆ చుక్కల పేరు రాసి, ఈ మనిషికి ఇది మళ్లీ ఇవ్వకూడదని రాసింది. కొత్త చుక్క రోజుకు ఒక్కసారే, ఒక్కరే వేయాలి, వేశాక రెండు నిమిషాలు కంటి లోపలి మూల వేలితో నొక్కి ఉంచాలి. నొక్కితే ఆ గొట్టం మూసుకుని మందు కిందికి దిగదట. ఎక్కడ నొక్కాలో ఆయన వేలు పట్టుకుని చూపించింది. నేను రెండు చేతులూ జోడించాను. ఆవిడ ఇబ్బందిపడి, పెన్సిల్ చెవి వెనక దోపుకుని, పక్క మంచం వాళ్ల దగ్గర కూర్చుని, "తలకేమైనా రాస్తారా?" అని మొదలుపెట్టింది.

అత్తయ్య, వదిన మందులు తేవడానికి కిందికి వెళ్లినప్పుడు అడిగాను.

"మామయ్యా, ముగ్గురం వేస్తున్నామని మీకు తెలీదా?"

"తెలుసు," అన్నారు.

నా కోపం తిరిగి వచ్చేసింది. "తెలిసీ ఊరుకున్నారా? ఒక్క మాట అంటే సరిపోయేది కదా. మా చేతులతో మేమే..."

"ఇంత పనవుతుందని తెలీదమ్మా." ఆయన తన అరచేతులు చూసుకున్నారు. "బస్సు వదిలేశాక నన్నెవరు చూశారు చెప్పు. లోటేమీ చేయలేదు మీరు. వేళకి తిండి పెడతారు, బట్టలు ఉతుకుతారు, ఎవరి పనిలో వాళ్లు పరిగెడతారు. కానీ ఆ చుక్క వేసేటప్పుడు మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టి, నా మొహం పైకెత్తి, కళ్లలోకి చూస్తారు. రోజుకి ఆరుసార్లు. ఒకళ్లని వద్దంటే రెండుసార్లు తగ్గిపోతాయని ఊరుకున్నా."

మానిటర్ మీద అరవై నాలుగు ఉంది.

ఇంటికి వచ్చాక కొత్త చుక్క అత్తయ్యకు అప్పగించాను. చెయ్యి వణక్కుండా ఆయన నుదుటి మీద ఆనించి వేయడం మందుల మేడమ్ ఆమెకు నేర్పింది. మర్నాడు పొద్దున, స్కూలుకు బస్సు వచ్చే వేళకు, మామయ్య కుర్చీలో కూర్చుని పేపరు మడతపెడుతున్నారు. నేను బ్యాగు కింద పెట్టి, ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టి, మొహం పైకెత్తాను.

"ఇది ఇక నీ వంతు కాదు కదమ్మా," అన్నారు కంగారుగా. "చేతిలో ఏముంది?"

"ఏమీ లేదు మామయ్యా," అన్నాను. "ఊరికే చూస్తున్నాను."