మస్తానమ్మ ఆనుకున్న గోడ

మొదటి గ్లాసుకి ఇల్లు నాలుగు వేళ్ళ మేర ఎడమపక్కకి ఒరుగుతుంది. రెండో గ్లాసుకి ఇంకో నాలుగు వేళ్ళు. వీరాస్వామి ఆరింటికి మొదలుపెడతాడు కాబట్టి, ఆయన కూతురు నాంచారి ఐదున్నరకల్లా గిన్నెలన్నీ ఎడమ గోడ కిందకి చేర్చేస్తుంది. ఎలాగూ అక్కడికే పోయేవాటిని ముందే పంపిస్తే చప్పుడు తప్పుతుంది.

నాంచారి ఐదో తరగతి. హోంవర్కు ఒరిగిన ఇంట్లో రాస్తుంది గనక అక్షరాలన్నీ పక్కకి పడుకుని ఉంటాయి. టీచరుగారు తల పక్కకి వంచి దిద్దుతారు. వాళ్ళమ్మకి నూలు మిల్లులో రెండో షిఫ్టు. ఆమె వచ్చేసరికి నాన్న నిద్రపోతాడు, ఇల్లు కూడా లేచి సర్దుకుని నిలబడుతుంది. అందుకని ఇల్లు ఒరగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

పొద్దున్నపూట వీరాస్వామి బంగారంలాంటి మనిషి. ఆటోనగర్‌లో లారీలకి పేర్లు రాస్తాడు, పువ్వులు వేస్తాడు. నాంచారి పుస్తకాల అట్టల మీద కూడా లారీ అక్షరాలే, ఎర్రరంగుకి పసుపు నీడతో. క్లాసులో అంత పెద్ద పేరు ఇంకెవరికీ లేదు.

ఆయన తాగేదాన్ని అందరూ మందంటారు. మందంటే జబ్బుకే కదా అని నాంచారి అనుకుంటుంది. ఏం జబ్బో ఎవరూ చెప్పరు. పెద్దదే అయ్యుండాలి, ఎందుకంటే వానొచ్చినా పండగొచ్చినా నాన్న మందు మానడు. వీధిలో ఇంకే నాన్నా ఇంత క్రమం తప్పకుండా వేసుకోడని ఆమెకి కాస్త గొప్పగా కూడా ఉంటుంది.

"భోజనానికి ముందా నాన్నా, తర్వాతా?" అని అడుగుతుంది.

"ముందూ వేసుకోవాలి, తర్వాతా వేసుకోవాలి తల్లీ."

కానీ జబ్బు తగ్గడం లేదు. అదే ఆమె దిగులు. ఒకరోజు బడి నుంచి వస్తూ ఖాళీ సీసా సంచిలో పెట్టుకుని కాంపౌండరు సూర్యం దగ్గరికి వెళ్తుంది. మందు చూపిస్తే జబ్బు పేరు చెప్తారు కదా.

సూర్యం సీసా మూత తీసి వాసన చూస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని వింటాడు కూడా.

"ఇల్లు ఎంత ఒరుగుద్ది?"

"నాలుగో గ్లాసుకి నేను గోడ మీద పడుకుంటానండీ."

ఆయన ఒక కాగితం తీసి ఇంటి బొమ్మ గీస్తాడు. కాగితాన్ని మెల్లగా పక్కకి వంచుతూ పోతాడు. బొమ్మలోని ఇల్లు జారి బల్ల మీద పడి విరిగిపోతుంది.

"చూశావా? ఈ లెక్కన మీ ఇల్లు నువ్వు రెండో తరగతిలో ఉండగానే పడిపోవాలమ్మా. పడలేదంటే, అక్కడ ఏదో పనిచేస్తోంది. పనిచేసేదాన్నే మందంటారు. ఇది కాదు." సీసా తిరిగి సంచిలో పెట్టేస్తాడు. "వెళ్ళి అదేంటో చూసుకో."

ఆ సాయంత్రం మొదటి గ్లాసు కాగానే నాంచారి ఇంట్లోంచి బయటికొచ్చి ఎడమపక్కకి నడుస్తుంది. ఆ పక్క వాటాలో పరుపులు కుట్టే మస్తానమ్మ ఉంటుంది. రెండిళ్ళకీ గోడ ఒకటే.

మస్తానమ్మ ఆ గోడకి వీపు ఆనించి, రెండు పాదాలూ ఎదుటి గడపకి తన్నిపెట్టి, ఒళ్ళో దిండు గలేబు పెట్టుకుని బూరుగు దూది కూరుతోంది. గోడ ఆమె వైపు పొట్టలా ఉబ్బి ఉంది. నాంచారి వాళ్ళు క్యాలెండరు కోసం కొట్టిన మేకు మొన ఇటు పొడుచుకొస్తే, దానికి ఆమె కత్తెర తగిలించుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తా?"

"నువ్వు పాకేటప్పటి నుంచీ."

"ఎందుకు?"

"కూర్చుని కుట్టాలంటే నాకు ఆనుకోడానికి గోడ కావాలి గదా. మీ గోడకేమో ఆనుకోడానికి మనిషి కావాలి. సరిపోయింది."

"మధ్యలో లేవాల్సొస్తే?"

"ఆరింటికి ముందే అన్నీ చూసుకుని కూర్చుంటానే పిచ్చిమొహమా."

గోడ అవతల రెండో గ్లాసు. మస్తానమ్మ సూది పళ్ళ మధ్య పెట్టుకుని, పాదాలు కాస్త బిగించి, మళ్ళీ పనిలో పడుతుంది. నాంచారికి ఏడుపొస్తుంది. తాను ఇన్నేళ్ళూ నిద్రపోయింది గోడ మీద కాదు, ఈమె వీపు మీద. ఆ సంగతి తెలియకుండానే రోజూ పొద్దున లేచి బడికి పోయింది.

"ఏడుపు తర్వాత. రేపు నేను తెనాలి పోతున్నా, మా పిల్లకి నొప్పులొచ్చేట్టున్నాయి. ఇదిగో తాళంచెవి. ఎవరో ఒకరు ఆనుకోవాలి మరి."

మర్నాడు పొద్దున నాంచారి నాన్నని అడుగుతుంది. "ఇవాళ ఒక్కరోజు మానేస్తావా?"

"అట్నే తల్లీ" అంటాడు వీరాస్వామి. నిజంగానే అంటాడు. పొద్దున్నపూట ఆయన ఏ మాటన్నా నిజంగానే అంటాడు.

ఆరింటికి గ్లాసు చప్పుడవుతుంది. నాంచారి పక్కింటి తాళం తీసి, మస్తానమ్మ కూర్చునే చోట కూర్చుని, వీపు ఆనిస్తుంది. కాళ్ళు గడపకి అందవు. మధ్యలో ఒక పరుపు చుట్టి పెట్టుకుంటుంది. మొదటి నాలుగు వేళ్ళు ఆపగలుగుతుంది. రెండోసారికి పరుపు జారుతుంది. మూడోసారికి ఇల్లు మొత్తం, గిన్నెలతో, అమ్మ పెట్టెతో, లారీ అక్షరాల పుస్తకాలతో ఆమె భుజాల మీదికి వస్తుంది. ఊపిరాడదు.

పిడికిలితో గోడ కొడుతుంది. "నాన్నా! ఇవాళ అత్త లేదు. ఇక్కడున్నది నేను!"

అవతల చప్పుడు ఆగిపోతుంది. కాసేపటికి వీధి తలుపు తోసుకుని వీరాస్వామి లోపలికొస్తాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. కూతురి పక్కన కూర్చుని వీపు ఆనిస్తాడు. "లే" అంటాడు. నాంచారి లేస్తుంది. ఇల్లు ఆగింది.

గోడ అవతల మళ్ళీ గ్లాసులో పోస్తున్న చప్పుడు.

"అటుపక్క ఎవరు నాన్నా?"

"నేనే. వాడు లేవలేకపోయాడు. నేనొచ్చాను."

గోడలోంచి అదే గొంతు, కాస్త ముద్దగా వినిపిస్తుంది. "బరువుగా ఉన్నానా?"

"ఉన్నావురా" అంటాడు ఇటుపక్క వీరాస్వామి. ఆయన మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. "ఇంత బరువు మస్తానమ్మ మోసిందా? ఇన్నేళ్ళూ?"

"మోసింది" అంటుంది నాంచారి.

"ఒక్క మాటైనా అనలేదు గదే."

"అనలేదు."

ఆయన అరచేత్తో గోడ తడుముతాడు. "పోయి మస్తానమ్మకి చెప్పాలి మనం. ఇప్పుడే."

"నువ్వు లేస్తే పడిపోతుంది కదా?"

"ఎత్తుకుంటా."

రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి పునాది పట్టుకుంటాడు. ఒక మోకాలు, తర్వాత రెండోది. ఇల్లు వీపు మీద పెట్టుకుని వీధిలోకి వస్తాడు. నాంచారి మస్తానమ్మ వాటాకి తాళం వేసి ఆయన ముందుకి పరుగెడుతుంది. తెనాలికి బ్యారేజీ మీదుగా పోవాలి. సైకిళ్ళూ రిక్షాలూ ఎదురొస్తున్నాయి.

"పక్కకి, పక్కకి! మా నాన్న వస్తున్నాడు!" అని అరుస్తుంది. ఈ మాట ఇంత గట్టిగా ఆమె ఎప్పుడూ అనలేదు. జనం జరిగి దారిస్తారు.

బ్యారేజీ ఎక్కేసరికి చీకటి పడుతుంది. కిందేముందో ఆయనకి కనిపించక అడుగు తడబడుతుంది. అప్పుడు ఇంటి కిటికీ తెరుచుకుంటుంది. లోపలి నాన్న ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చెయ్యి బయటికి చాపి టార్చి వేస్తాడు. వెలుగు బయటి నాన్న కాళ్ళ దగ్గర పడబోయి, జారి, ముందు నడుస్తున్న నాంచారి కాళ్ళ దగ్గర పడుతుంది. ఆమె ఆ వెలుగులో అడుగులు వేస్తూ పోతుంది, వెనకాల ఇద్దరు నాన్నలూ ఆమె అడుగులు చూసుకుంటూ వస్తారు.