అచ్చమ్మ టీచర్ ఖాళీ చేయించిన గిన్నెలు

ఆత్మకూర్ (ఎస్) అంగన్‌వాడీలో అచ్చమ్మ టీచర్ పట్టిన ఏ గిన్నే ఖాళీ కాకుండా కిందికి దిగిన పాపాన పోలేదు. పిల్లల్ని కాళ్ల మధ్య ఇరికించి, ముక్కు పట్టుకుని, నోరు తెరవగానే ముద్ద తోసేది. ఇరవై ఏళ్ల అనుభవం మరి! పిల్లల కడుపు సంగతి పిల్లలకేం తెలుసని ఆమె ఉద్దేశం.

ఇప్పుడామె పరువంతా రెండేళ్ల అఖిల్ బరువులో ఇరుక్కుంది. తక్కువ బరువు జాబితాలోంచి వాణ్ని బయటపడేస్తానని, కూలికి పోయే వాడి తల్లి రాణికి మాటిచ్చింది. ఇంకో వంద గ్రాములు పెరిగితే చాలు. వాడేమో ఈమె కొంగు కనబడితే బియ్యం డబ్బా వెనక దూరుతున్నాడు.

తూకం రోజు రానే వచ్చింది. సూపర్‌వైజర్ వందన మేడం సూర్యాపేటలో బయలుదేరిందని ఫోన్ రాగానే అచ్చమ్మ వాడికి ఒక గుడ్డు, రెండు గిన్నెల పప్పన్నం కూరడం మొదలుపెట్టింది.

"వద్దని మూతి తిప్పుతుండు టీచర్," అంది ఆయా సుమలత.

"మూతి తిప్పితే బరువు పెరుగుతదా? జర కాళ్లు పట్టు! నోరు తెరువ్ రా, సూదేపిస్త!"

మేడం వచ్చి అఖిల్‌ను తూకం మీద నిలబెట్టింది.

"వంద గాదు మేడం, రెండొందలు పెరిగిండు!" అని అచ్చమ్మ కేక పెట్టింది.

ఆ కేకకో, పప్పుకో గానీ వాడు భళ్లున కక్కాడు. మేడం కొత్త చీర నాశనమైంది. మళ్లీ తూస్తే పాత బరువే.

"చాలైతే పిల్లలే మూతి తిప్పుతరు, ఆపాలె అని ట్రైనింగ్‌ల చెప్పిన గద టీచర్?" అంది మేడం కుచ్చిళ్లు కడుక్కుంటూ.

"చెప్పిన్రు మేడం. బరువైతే నన్నే అడుగుతరు గద!"

మేడం వెళ్లిపోయాక అచ్చమ్మ టిఫిన్ డబ్బా తెరిచి, తినబుద్ధి కాక అలాగే కూర్చుంది. రాణికి ఏ మొహంతో చెప్పాలి?

బియ్యం డబ్బా వెనక నుంచి అఖిల్ వచ్చాడు. ఆమె ఒళ్లోకెక్కి, ముక్కు గట్టిగా పట్టుకుని, టిఫిన్ డబ్బాలోంచి ముద్ద తీసి మూతికి అదిమాడు.

"నోలు తెలు! సూదేపిత్త!"

అచ్చమ్మకు ఊపిరాడలేదు. చచ్చేంత సిగ్గేసింది. మొహం పక్కకు తిప్పుకుంది.

వాడు వెంటనే ముక్కు వదిలేశాడు. ఆమె మొహంలోకి కాసేపు చూసి, ఆ ముద్ద తనే తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. మూడోది సగం తిని మూతి తిప్పాడు.

అలవాటు కొద్దీ అచ్చమ్మ చెయ్యి వాడి ముక్కు మీదికి లేచింది. దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.