సొట్టగిన్నె

లోకంలోని పెత్తనాలన్నిటినీ కూలదోస్తానని కాలేజీలో చేరిన నాటి నుంచీ చెబుతున్న కూతురు, ఇంటి మూలనున్న సాలెగూడును మాత్రం ఇంతవరకూ కూలదోయలేదు. తిన్న పళ్లెం తీయదు. తడి తువ్వాలు తలుపు మీదే ఆరేస్తుంది. ఊరందరికీ హక్కులు నేర్పి వచ్చి, అన్నం చల్లారిందని తల్లి మీద అలుగుతుంది.

ఈ చిట్టా అంతా సుందరాబాయి రోజూ గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ పక్కింటి శాంతకు వినిపిస్తుంది. సోలాపూర్ కుంఠా నాకాలో ఆ సందు వెనకే మరమగ్గాలు పొద్దంతా టకటకలాడుతుంటాయి కాబట్టి, కాస్త గొంతు పెంచే వినిపిస్తుంది. శాంతకు ఆ పాఠం కంఠతా వచ్చు. అయినా ఊకొడుతుంది.

ఆ రోజు మాత్రం సుందరాబాయి నోరు మెదపలేదు. తడిగుడ్డలో చుట్టిన తునికాకు విప్పి, రేకుముక్క మీద పెట్టి చుట్టూ కత్తెర ఆడించింది. చిటికెడు తంబాకు పోసి, చుట్టి, మూతి గోటితో మడిచి, దారం కట్టింది. ముప్పయ్యేళ్ల పని. మగ్గం నడిపిన భర్త దగ్గుతూ దగ్గుతూ కన్నుమూసిన నెలలోనూ ఆ చేతులు ఆగలేదు. ఆకు రాపిడికి బొటనవేలి గీతలు అరిగిపోయి, రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషను ఆమెను ఆమెగా ఒప్పుకోవడం మానేసింది.

లోపల కూతురు ప్రాజక్త సంచి సర్దుకుంటోంది. నిన్న పోలీసులు కాగితం ఇచ్చి వెళ్లారు. తడీపార్. రెండేళ్లపాటు సోలాపూర్ జిల్లాలో అడుగు పెట్టకూడదు, ఈ సాయంత్రంలోగా దాటిపోవాలి. వాడలో ఇలాంటి కాగితం ఇదివరకు ఒక్కడికే వచ్చింది. వాడు కత్తులు తిప్పేవాడు.

ప్రాజక్త తిప్పినవి మాటలే. పందొమ్మిదో ఏట మొదలుపెట్టింది. బీడీ కార్ఖానాలో బాగాలేవని పక్కకు నెట్టిన బీడీలకు కూలి ఇవ్వరు, బీడీలూ తిరిగి ఇవ్వరు. “పాడైనయంటున్నరు గదా, మా కండ్ల ముందట్నే విరగ్గొట్టుండ్రి” అని ఆడవాళ్లందరినీ గేటు ముందు కూర్చోబెట్టింది. నాలుగో రోజున విరగ్గొట్టారు. ఆ తరువాత విచిత్రంగా బీడీలు పాడవడమే తగ్గిపోయింది. అక్కడితో ఆగలేదు. మూతపడ్డ మిల్లును కార్మికులకే అప్పజెప్పమంది. కార్పొరేషన్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయి, మర్నాడే ఓటు వేయని ఇళ్లకు కూడా వెళ్లి దండం పెట్టి వచ్చింది. మగ్గం నడిపేవాళ్లదే మగ్గం అని ఆమె వాదం. “గట్లయితే ఈ పొయ్యి నాది. నా మాటిను” అని సుందరాబాయి జవాబు.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు శాంత ఉండబట్టలేక అడిగింది. “ఏం రాసిండ్రే బిడ్డా అండ్ల?”

ప్రాజక్త కాగితాలు తెచ్చి గడపలో కూర్చుంది. “ఇద్దరు సాక్షులట, శాంతత్తా. ‘అ’ ఒగరు, ‘బ’ ఒగరు. పేర్లు రాయలే. నేనంటే భయమట.”

“నిన్ను జూసి భయమా? బల్లిని జూస్తే నువ్వే మంచమెక్కుతవ్ గదనే!”

ప్రాజక్త నవ్వి, మరాఠీలో ఉన్నది తెలుగులో చెబుతూ పోయింది. “‘బ’ ఏమన్నదంటే... ఈమె ఎవరి మాటా వినది. వేళకు ఇంటికి రాది. వాడల పోరగాళ్లను ఎగేస్తది. కోపమొస్తే చేతికందింది ఇసిరి...”

ఆగింది. తలెత్తి గూట్లో ఉన్న పప్పుగిన్నె వైపు చూసింది. కాగితాలు మడిచింది.

“ఇగ అంత గదే. జాఊ దే, పోనియ్.”

“ఆ ‘బ’ నోరు పడిపోను!” అంది శాంత.

సుందరాబాయి చేతిలో దారం పుటుక్కున తెగింది.

కార్ఖానావాళ్లే మనకు అన్నం పెడుతున్నారని సుందరాబాయి అన్న రోజున ప్రాజక్త ఆ గిన్నె విసిరింది. గోడకు తగిలి సొట్టపడింది. అప్పుడు ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఆ తరువాత కొన్నాళ్లకు, ప్రాజక్త లేని వేళ, మామూలు బట్టల్లో ఒక పోలీసాయన వచ్చాడు. మావ్‌శీ అని, పిన్నిని పిలిచినట్టు పిలిచాడు, కింద కూర్చున్నాడు, చాయ్ బాగుందన్నాడు. పిల్ల మాట వింటుందా అని అడిగాడు. జన్మలో సుందరాబాయి మాటకు అడ్డు రాకుండా చివరిదాకా విన్న మొదటి మగమనిషి ఆయనే. శాంతకు చెప్పేదంతా చెప్పింది. గిన్నె సంగతీ చెప్పింది. ఒకసారి పిలిచి మందలిస్తామన్నాడు. ఇంటిపట్టున ఉంటుంది, పెళ్లి చేసుకుంటుంది అనుకుంది. రేషన్ మిషను గుర్తుపట్టని బొటనవేలిని ఆయన కాగితం మాత్రం మారు మాట లేకుండా ఒప్పుకుంది.

అన్నం పెట్టేటప్పుడు చెప్పేద్దామనుకుంది.

“బిడ్డా, నేను...”

“ఏందమ్మా?”

“ఇంకింత పప్పు ఏసుకో.”

ప్రాజక్త వేసుకుంది. తిన్నాక తన పళ్లెం తనే తీసింది. గిన్నెలన్నీ తోమింది. చీపురు తిరగేసి మూలనున్న సాలెగూడు దులిపింది.

“ఉండనీ, ఎవలు చెయ్యమన్నరే నిన్ను!” సుందరాబాయి కసిరింది. ఏడ్చేకన్నా అది తేలిక.

సాయంత్రం ఆటో వచ్చింది. హైదరాబాద్ బస్సెక్కి, అక్కడినుంచి కరీంనగర్ వైపు మేనత్త ఊరు పోవాలి. తాత పని వెతుక్కుంటూ వచ్చిన దారినే మనవరాలు వెనక్కి పోతోంది. సందులో ఆడవాళ్లు చాటలు దించి నిలబడ్డారు. ప్రాజక్త సంచి ఒళ్లో పెట్టుకుని బయటికి వంగింది.

“అమ్మా, ఇగనించి నా మీద చాడీలు శాంతత్తకే చెప్పు. ఆమెయితే రాసుకోది.”

నవ్వుతూనే అంది. ఆటో మలుపు తిరిగింది.

శాంత కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఆ ‘బ’ ఎవలోగాని వదినే, దాని వంశం...”

“తిట్టు శాంతా. గట్టిగ తిట్టు.” మగ్గాల చప్పుడును మించి వినబడింది ఆ గొంతు. అటు గడపా ఇటు గడపా తలలు తిప్పాయి. “ఆ ‘బ’ నేనే. బుద్ధి చెప్తరనుకున్న. కాదు. నేను తప్పు చేసిన. రేపు నన్ను వకీలు తాన్కి తోల్కపో, ఈ మాటనే ఆడ గూడ చెప్త.”

శాంత ఆమె ఒళ్లోని చాట తీసి పక్కన పెట్టింది.

లోపల గూట్లో, ప్రాజక్త తోమి బోర్లించిన పప్పుగిన్నె, సొట్ట గోడవైపుకు తిరిగి ఉంది. అంచు నుంచి ఇంకా ఒక్కో చుక్క నీళ్లు జారుతున్నాయి.