పొడుగు చేతుల చొక్కా

ఆ వేసవిలో ఆ వీధి స్త్రీలందరికీ మణికట్టు దాకా చేతులున్న చొక్కాలే కావలసి వచ్చాయి. ప్రజలు ‘డేగ’ అని ముద్దుగా పిలుచుకునే ఫుట్‌బాల్ గోల్‌కీపరు భార్య మండుటెండలోనూ అటువంటివే ధరించేది. గొప్పవారి ఇల్లాలి హుందాతనం అదే కాబోలునని అందరూ అనుకరించారు. వీధి చివరి ఇంటి ముందుగదిలో బట్టలు కుట్టే ఆవిడకు ఊపిరి సలపనంత పని దొరికింది.

ఆమె కూతురు కూడా గోల్‌కీపరే. పొట్టిగా ఉంటుందని జట్టువారు ‘పిచ్చుక’ అనేవారు. డేగ ఆటను టీవీలో చూసి చూసి ఆమె దూకడం నేర్చుకుంది. కుట్టుమిషను పైన గోడకు ఆయన బొమ్మే ఉండేది. మరునాడు పాఠశాలల ఫైనలనగా, ఆ సాయంత్రం డేగ భార్య స్వయంగా కొలతలివ్వడానికి వచ్చింది.

“ఆంటీ, ఆయన ఇంట్లో కూడా మంచం మీంచి దూకుతుంటారా?” అంది పిచ్చుక.

“నీ వాగుడు ఆపి ఆ టేపు ఇలా ఇవ్వు,” అంది తల్లి.

పొడుగు చేతులకు మోచేయి వంచి కొలత తీయాలి. లేకపోతే తొడిగాక చేయి పైకి లాగేస్తుంది. తల్లి అలాగే వంచింది. వచ్చినావిడ పళ్లు బిగబట్టింది. చొక్కా చేయి పైకి జరిగింది. మణికట్టు పైన వరుసగా నల్లని మచ్చలు.

“తలుపు తగిలింది,” అంది ఆవిడ.

“తలుపుకి వేళ్లుండవు తల్లీ.”

ఆవిడ స్టూలు మీద కూలబడింది. “అందరూ ఎక్కడ కుట్టించావనే అడిగారక్కా. ఎందుకు తొడుక్కున్నావని ఒక్కళ్లూ అడగలేదు.”

పిచ్చుక గోడమీది బొమ్మను తీసి నేలకేసి కొట్టింది. “రేపు నేనాడను. నాకొచ్చిందంతా ఆయన్ని చూసి నేర్చుకున్నదే.”

డేగ భార్య కళ్లు తుడుచుకుంది. “ఆయనకి పేరు రాకముందు రోజూ పొద్దున్నే బంతులు విసిరింది నేనమ్మా. ఎడమవైపు ఆలస్యంగా దూకుతున్నావని తిట్టి దిద్దింది కూడా నేనే. ఆ ఆటలో నా చేతులున్నాయి. నువ్వు మానేస్తే నాకు అదీ మిగలదు.”

తల్లి గుడ్డ పక్కన పెట్టింది. “పొడుగు చేతులు నేను కుట్టను. పొట్టి చేతులైతే పొద్దుటికి ఇస్తా. ముందు డాక్టరుకి చూపించుకుని పోలీసు స్టేషనుకి పోదాం, లే.”

“ఆయన్ని నెత్తిన పెట్టుకున్న ఊరక్కా ఇది. ఎవరు నమ్ముతారు?”

“ఊరి సంగతి తర్వాత. నేను నమ్మాను. నడు.”

డాక్టరు దగ్గరికీ పోలీసు స్టేషనుకీ వెళ్లి వచ్చాక ఆ రాత్రి ఆవిడ తన ఇంటికి పోలేదు. ఆ ముందుగదిలోనే పడుకుంది. మరునాడు మైదానంలో గోలు వెనుక పొట్టి చేతుల చొక్కాతో నిలబడింది. పొడుగు చేతులలో చెమటలు కక్కుతున్న ఇరుగుపొరుగు స్త్రీలు ఆ మచ్చలను చూసి ఒక్కొక్కరే తమ చొక్కా చేతులు పైకి మడిచారు.

“ఎడమ పక్క చూసుకో పిల్లా,” అని కేకేసింది ఆవిడ.

పిచ్చుక దూకింది. బంతి చేతికి చిక్కింది.

ఆట ముగిశాక పిచ్చుక తన గ్లవ్సులు తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది. “నా ఆట మీ చలవే ఆంటీ. ఇన్నాళ్లూ దండం వేరేవాళ్లకి పెట్టాను.”

“నేనిక్కడ నిలబడ్డం మీ అమ్మ చలవమ్మా,” అంది ఆవిడ, చాలా కాలానికి నవ్వుతూ.

పాఠకులారా, ఆటలో గొప్పవానికి చప్పట్లు కొట్టవలసినదే. కాని ఆ చప్పట్ల హోరులో ఒక ఇంటి ఏడ్పు వినబడకుండా పోరాదు.