మూడో మంచం సున్నా గుర్తు

మూడో మంచం ఆయనకి ఒళ్ళు తుడవాలి. దుప్పటి మార్చాలి. వీపు ఎర్రబడుతోంది కాబట్టి మామూలు పరుపు మీద గాలి పరుపు వెయ్యాలి. మెడ దగ్గర పట్టీ మార్చాలి. పక్కటెముకల మీద గుర్తు చెరిగిపోతే మళ్ళీ పెట్టాలి. స్కేలు సున్నా సరిచూడాలి. గంటగంటకీ సి.వి.పి. చూసి చార్టులో రాయాలి. ఈలోగా ఐదో మంచం ఆవిడ దగ్గు వింటూ ఉండాలి.

పొద్దున ఏడున్నరకి డ్యూటీ నర్సు మనసులో ఉన్న పనులివి. కాగితం మీద రాసుకునే అలవాటు ఆమెకి లేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ అవసరం రాలేదు.

ఇంటెన్సివ్ కేర్ వార్డులో అందరూ ఆమెని సున్నా సిస్టర్ అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత ముఖం మీదే అనేశారు. ఆమె నవ్వి ఊరుకుంది. పీలగా ఉంటుంది. ముంజేతుల మీద నరాలు తేలి ఉంటాయి. మోకాళ్ళు అరిగిపోయాయి. వంగాలంటే ముందు మంచం కమ్మీ పట్టుకుని, ఒక నిట్టూర్పు విడిచి, అప్పుడు వంగుతుంది. అయినా స్కేలు చూసేటప్పుడు మాత్రం కన్ను నీటిమట్టానికి సరిగ్గా ఎదురుగా వచ్చేదాకా వంగాల్సిందే.

ఒళ్ళంతా తిరిగిన రక్తం పెద్ద సిరల్లోంచి గుండెకి తిరిగొస్తుంది. అది ఎంత ఒత్తిడితో వచ్చి చేరుతోందో చెప్పే కొలత సి.వి.పి. మెడలోని సిరలోంచి గుండె గుమ్మం దాకా సన్నటి గొట్టం వేసి, రెండో కొసని స్టాండుకి కట్టిన స్కేలు మీది సెలైన్ గొట్టానికి కలుపుతారు. మీట తిప్పితే గొట్టంలో సెలైన్ దిగుతుంది. రోగి ఊపిరితో పాటు కాస్త ఊగి ఒకచోట నిలుస్తుంది. ఆ అంకె తక్కువైతే ఒంట్లో నీరు చాలట్లేదని, ఎక్కువైతే గుండె మోయలేకపోతోందని డాక్టర్లు లెక్క వేస్తారు. అయితే స్కేలు మీది సున్నా, రోగి గుండె ఒకే ఎత్తులో ఉండాలి. మనిషిని నాలుగు వేళ్ళు పైకి లేపితే అంకె కూడా అంతే లేస్తుంది, ఒంట్లో చుక్క నీరు పెరగకపోయినా.

ఆ ఎత్తుని మిగతావాళ్ళు కంటితో చూసేస్తారు. ఆమె మాత్రం రోగి పక్కటెముకల మీద, గుండెకి సరిసమానంగా, పెన్నుతో చిన్న అడ్డగుర్తు పెడుతుంది. అక్కడినుంచి స్కేలు దాకా నీళ్ళు నింపిన గొట్టం పట్టి మట్టం చూస్తుంది. భర్త దగ్గర నేర్చుకున్న పని అది. ఆయన తాపీమేస్త్రి. గోడ లేపే ముందు ఇలాగే చూసేవాడు. "నా కంటికంటే నీళ్ళకే బుద్ధెక్కువే," అనేవాడు. ఆయన పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. ఇంట్లో ఆయన కట్టిన గోడలున్నాయి, అన్నీ నిటారుగా.

మూడో మంచం ఆయన లిఫ్టు మెకానిక్‌గా చేసి మానేసినవాడు. పేగుకి ఆపరేషనై నాలుగు రోజులయింది. స్పృహ వస్తోంది, పోతోంది. నిన్న సాయంత్రం సి.వి.పి. ఆరు. సెలైన్ ఎక్కిస్తున్నారు, మూత్రం వస్తోంది. ఆయన భార్య పొట్టి మనిషి, కొంగు నడుముకి బిగించుకుని గుమ్మంలోనే కాచుకునుంటుంది. రోగుల భార్యలందర్నీ సున్నా సిస్టర్ వదినా అనే పిలుస్తుంది.

"గాలి పరుపేసేశాను వదినా. ఇక చూసుకో, అన్నయ్య మహారాజులా పడుకుంటాడు."

"మహారాజా! ఇంట్లో మంచం మీద దుప్పటి కూడా సరిగ్గా పరుచుకోడమ్మా. వైభోగమంతా ఇక్కడే."

ఇద్దరూ నవ్వుకున్నారు. సిస్టర్ చెరిగిపోయిన అడ్డగుర్తు మళ్ళీ పెట్టింది. ఇక గొట్టం పట్టి మట్టం చూడాలి. ఇంతలో ఐదో మంచం ఆవిడ దగ్గుతూ దగ్గుతూ ఊపిరందక గిలగిల్లాడింది. "ఇప్పుడే వస్తా," అని సిస్టర్ అటు పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి తొమ్మిదయింది. రోగి పక్కటెముకల మీద తన చేత్తో పెట్టిన గుర్తు ఉంది. స్టాండుకి తన చేత్తో కట్టిన స్కేలు ఉంది. గుర్తు ఈరోజుది, స్కేలు కట్టింది నిన్న. మధ్యలో గాలి పరుపుతో మనిషి నాలుగు వేళ్ళు పైకి లేచాడు. మీట తిప్పింది. పదమూడు.

"అమ్మో, నిండిపోయాడు," అన్నాడు డ్యూటీ డాక్టరు. సెలైన్ ఆపించి, ఒంట్లో నీరు లాగేసే ఇంజెక్షన్ రాశాడు. సందేహం ఎందుకొస్తుంది? సున్నా సిస్టర్ చూసిన అంకె.

పదింటికి పదమూడు. పదకొండింటికి పన్నెండు. మొదట మూత్రం బాగానే వచ్చింది, తర్వాత తగ్గింది. పన్నెండింటికి బీపీ పడిపోయింది. గుండె అలిసిపోతోందనుకుని దానికి మందు పెట్టారు.

"కాళ్ళు మంచులా ఉన్నాయమ్మా," అంది భార్య.

"ఏసీ కదా వదినా," అంది సున్నా సిస్టర్. దుప్పటి కిందకి లాగి పాదాలు కప్పింది. చేత్తో ముట్టుకోలేదు. కొలత ఉండగా చెయ్యెందుకు?

రెండున్నరకి భార్య ఆయన నుదురు నిమరబోయి మునివేళ్ళ మీద లేచింది.

"నిన్న చక్కగా అందాడు. ఇవాళేంటో పొద్దున్నుంచీ అందట్లేదమ్మా ఈయన."

సున్నా సిస్టర్ చేతిలోని పెన్ను చార్టు మీదే ఆగిపోయింది. స్కేలు వైపు చూసింది. పరుపు వైపు చూసింది. నీళ్ళ గొట్టం తెచ్చి గుర్తు దగ్గర పట్టి, నీటిమట్టం కుదురుకునేదాకా ఆగింది. కుదురుకున్నాక తెలిసింది, ఎనిమిది సెంటీమీటర్ల తేడా. స్కేలు పైకి జరిపి మళ్ళీ మీట తిప్పింది. గొట్టంలో సెలైన్ జారుతూ, జారుతూ, రెండు దగ్గర ఆగింది.

"సార్! పొద్దున్నుంచీ నేను తప్పు చూశాను సార్. ఆయన ఎండిపోయి ఉన్నాడు."

డాక్టరు ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, సీసాలు తెమ్మని అరిచాడు. భార్యని బయటికి పంపేశారు. రెండు చేతులకీ సెలైన్ వదిలారు. అంకె మూడయింది, నాలుగయింది. బీపీ మాత్రం లేవలేదు. నాలుగూ నలభైకి గుండె ఆగింది. అరగంటసేపు ఛాతీ నొక్కారు. ఆ నొక్కుళ్ళకి పెన్ను గుర్తు చెమటలో కరిగి నల్లటి మరకైంది.

డాక్టరు చేతులు కడుక్కుంటూ, గోడవైపు తిరిగి అన్నాడు. "ఇన్‌ఫెక్షన్ ముందే రక్తంలోకి పాకింది సిస్టర్. ఎలాగైనా పోయేవాడేనేమో. చార్టు అలాగే ఉంచెయ్యండి."

"ఏమో అన్నారుగా సార్," అంది ఆమె.

పాత అంకెలు కనబడేట్టే ఒక్కో గీత కొట్టింది. పక్కన రాసింది: 'గాలి పరుపు వేశాక సున్నా సరిచూడలేదు.' కింద సంతకం పెట్టింది.

వరండాలో భార్య బెంచీ మీద ఉంది. అంతా బయటికే వినబడినట్టుంది, ఏడవడం లేదు. సున్నా సిస్టర్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూలబడి చెప్పింది. పరుపు సంగతి, సున్నా సంగతి, ఆపేసిన సెలైన్ సంగతి, ఒక్కటీ దాచకుండా.

"కాళ్ళు చల్లగా ఉన్నాయని నీకు చెప్పానమ్మా," అంది ఆవిడ.

తిట్టినా బాగుండేది. చుట్టాలెవరో వచ్చి రెక్క పట్టి లేపితే, వెనక్కి చూడకుండా వాళ్ళతో నడిచి వెళ్ళిపోయింది.

సున్నా సిస్టర్‌ని మీరు మరిచిపోయినా ఫర్వాలేదు, ఆవిడకీ అదే ఇష్టం. మునివేళ్ళ మీద లేచి మొగుడి నుదురు తడమబోయిన ఆ పొట్టి మనిషిని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ వార్డులో ఆ రోజు సరిగ్గా కొలిచింది ఆవిడ ఒక్కతే. బయటికి పంపినప్పుడు వీధిలోకెళ్ళి ఆవిడ కొనుక్కొచ్చింది ఆ బెంచీ మీదే ఉండిపోయింది: ఒక జత ఉన్ని మేజోళ్ళు, రెండూ విడిపోకుండా కొట్టువాళ్ళు వేసిన దారపు కుట్టు ఇంకా తెంపకుండానే.